బడి గేటు దగ్గర నమ్మకం

(తునిలో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం “ఒత్తిడిలో ఉన్న బడులు - నమ్మకం, మానవ సంబంధాలు”. ఆహ్వాన పత్రంలో ఈ మాటలు చూస్తే ఎవరికైనా ఇదేదో శిక్షణా తరగతుల్లో చెప్పే మెత్తని విషయం అనిపిస్తుంది. టీచర్లు పిల్లలతో ప్రేమగా ఉండాలి, తల్లిదండ్రులు బడికి వస్తూ పోతూ ఉండాలి, అందరూ కలిసిమెలిసి ఉండాలి అని ఓ అరగంట మాట్లాడి దిగిపోవచ్చు. తునిలో నిలబడి ఆ పని చెయ్యడం నాకు చేతకాదు. 2025 అక్టోబరులో బడి మీద ఉన్న నమ్మకం ఈ ఊరి నడిబజార్లో పడింది.

ఏం జరిగిందో మీకు తెలుసు. రేపు పత్రికలో చదివే ఇతర జిల్లాల వాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. గురుకులంలో చదువుకుంటున్న పదమూడేళ్ళ పిల్లని, అరవై దాటిన ఒక మనిషి, తాతనని చెప్పి బడి నుంచి బయటికి తీసుకెళ్ళాడు. ఊరి బయట తోటలో అతన్ని చూసిన వాళ్ళు అనుమానం వచ్చి నిలదీశారు. అంతకు ముందు కూడా ఇలా తీసుకెళ్ళాడని వార్తలొచ్చాయి. నిలదీసినప్పటి వీడియో ఫోన్లలో రాష్ట్రమంతా తిరిగింది. పోక్సో చట్టం కింద కేసు పెట్టి అరెస్టు చేశారు. కోర్టుకి తీసుకెళ్తుండగా చెరువులో దూకాడని పోలీసులు చెప్పారు, మర్నాడు శవం దొరికింది. దాంతో అతని మీద విచారణ లేదు, తీర్పు లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ మనిషి ఏ పార్టీ వాడు అన్నదాని మీద మాటల యుద్ధం నడిచింది. పార్టీల వాళ్ళకి అది పని. చచ్చిపోయిన వాడి సంగతి వాళ్ళకి వదిలేద్దాం. మనం అడగాల్సిన ప్రశ్న మిగిలే ఉంది. ఆ గేటు ఎలా తెరుచుకుంది?

ఇంకో మాట. ఆ పాప ఊరు, ఇల్లు, కులం, బడి పేరు నేనిక్కడ ఎత్తడం లేదు. మీరూ ఎత్తకండి. పోక్సో చట్టం 23వ సెక్షన్ పిల్లల పేరు, ఫోటో మాత్రమే కాదు, కుటుంబం, బడి, వాడ, ఏ ఆనవాలు పట్టిచ్చే వివరమైనా మీడియాలో బయటపెట్టకూడదంటుంది. ఆ వీడియో మన ఫోన్లలో ఇంకా ఉంటే ఈ పూటే చెరిపేయండి. సానుభూతితో పంపినా, కోపంతో పంపినా, అది ఆ పిల్లని మళ్ళీ మళ్ళీ ఆ తోటలోకి ఈడ్చడమే అవుతుంది.

ఇక గేటు సంగతికి వద్దాం. మన గోదావరి జిల్లాల్లో వరసలు కలపడం మర్యాద. బస్సులో పక్కన కూర్చున్నావిడ రెండు నిమిషాల్లో పిన్నిగారైపోతుంది. ఊళ్ళో ఏ ముసలాయనైనా తాతయ్యే. ఈ మర్యాద మంచిదే, దాని వల్ల మనకి ఎన్నో పనులు జరుగుతున్నాయి. కానీ బడి గేటు దగ్గర “తాతని” అన్న ఒక్క మాట అనుమతి పత్రంలా పని చేసిందంటే, అది నమ్మకం కాదు. అలవాటు. దానికి తోడు భయం. ఖద్దరు చొక్కా, బండి, గట్టి గొంతు ఉన్న పెద్దమనిషిని “ఏవండీ, మీరెవరు, మీ కాగితం చూపించండి” అని అడగడానికి గేటు దగ్గర నిలబడ్డ ఆయా భయపడుతుంది. అడిగితే “నన్నే అడుగుతావా, మీ పెద్ద మేడంకి ఫోన్ చెయ్యమంటావా” అంటాడు. అదే పాత చీర కట్టుకుని, కోటనందూరు నుంచి బస్సెక్కి, పిల్లకి జంతికల డబ్బా పట్టుకొచ్చిన సొంత తల్లిని మాత్రం ఆ గేటు దగ్గర గంటన్నర నిలబెడతారు. “ఇవాళ ఆదివారం కాదు కదమ్మా” అంటారు. ఇది మనలో చాలామంది కళ్ళారా చూసిందే. అంటే మన బడుల్లో తనిఖీ లేదని కాదు. ఉంది. అది కిందివాళ్ళ మీద ఉంది, పైవాళ్ళ మీద లేదు.

పైన చెప్పిన సంఘటన జరిగిన రోజుల్లోనే పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలో గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు వచ్చి ఇద్దరు బాలికలు చనిపోయారు. వందమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. అది నీళ్ళ సమస్య, ఇది గేటు సమస్య, రెండింటికీ సంబంధం లేదనిపించొచ్చు. బిడ్డని అప్పజెప్పిన తల్లి వైపు నుంచి చూడండి. ఆవిడకి రెండూ ఒకటే. నా బిడ్డకి ఒంట్లో బాగోలేకపోతే, భయమేస్తే, ఎవరికి చెప్పుకుంటుంది, ఆ మాట నాకెప్పుడు చేరుతుంది? ఇదే ఆవిడ ప్రశ్న.

ఆడపిల్లని బడికి పంపడమే ఈ నేల మీద ఒక ఒప్పందంలా మొదలైంది. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. నూటయాభై ఏళ్ళు దాటింది. గడప దాటని పిల్లని పంపమన్నప్పుడు ఆనాటి తల్లిదండ్రులు అడిగి ఉండగల ప్రశ్న ఒకటే: దారిలో, బడిలో మా పిల్లకి పూచీ ఎవరు? చదువు విలువ గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఈ ప్రశ్నకి జవాబు కాదు. ఇవాళ ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాల నుంచి వేలాది ఆడపిల్లలు గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో చదువుతున్నారు. ఆ కుటుంబాల్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి అమ్మాయి చాలాచోట్ల అక్కడి నుంచే వచ్చింది. కాబట్టి గురుకులాలు వద్దు, మూసెయ్యండి అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ పూచీ ఎవరిదో మాత్రం మళ్ళీ గట్టిగా అడగాలి.

ఇప్పుడు టీచర్ల వైపు. మన సమావేశాల్లో టీచర్లని తిట్టడం సులువు, చప్పట్లు కూడా పడతాయి. నేను వేరే మాట చెప్తాను. గత అయిదారేళ్ళలో ఈ రాష్ట్రంలో టీచరు మీద పడిన పనులు చూడండి. 2020 మార్చిలో కోవిడ్‌తో బళ్ళు మూతపడ్డాయి. అదే ఏడాది మే నెలలో మద్యం షాపులు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో టీచర్లని ఆ షాపుల దగ్గర లైన్లు చూసే డ్యూటీకి వేశారు. తర్వాత మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో పెట్టడం టీచర్ల నెత్తిన పడింది. 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చింది. అంతకు రెండు నెలల ముందు, 2022 జూన్‌లో, 117వ నంబరు జీవోతో ఊరి ప్రాథమిక బడి నుంచి 3, 4, 5 తరగతులని హైస్కూళ్ళకి కలిపేశారు. ఎనిమిదేళ్ళ పిల్లలు రోడ్లు దాటి వెళ్ళాల్సి వచ్చింది. తల్లులు రోడ్డెక్కారు, టీచర్లూ రోడ్డెక్కారు. 2025లో ఆ జీవోని రద్దు చేసి మరో రకంగా బళ్ళని విభజించారు. మళ్ళీ బదిలీలు, మళ్ళీ సర్దుబాట్లు.

ఇందులో ఏది తప్పు, ఏది ఒప్పు అన్నది వేరే చర్చ. నేను చెప్పేది ఏమిటంటే, ఒక పిల్ల మూడో తరగతిలో తన టీచరమ్మని చూసి నవ్వడం మొదలుపెట్టాక, ఆ టీచరమ్మ అక్కడే రెండు మూడేళ్ళు ఉంటే గానీ “మా ఇంట్లో మావయ్య ఇలా చేస్తున్నాడండీ” అని నోరు తెరవదు. సంబంధానికి కాలం కావాలి. బడిని ఏటా విడదీసి కలుపుతుంటే పోయేది ముందు అదే. సర్కారు టీచరుని నమ్మక కెమెరా పెడుతుంది. టీచరు తల్లిదండ్రులని నమ్మక “మీ పిల్లల సంగతి మీకు పట్టదు” అంటుంది. తల్లిదండ్రులు టీచరుని నమ్మక నెలకి వెయ్యి కట్టి ట్యూషన్‌కి పంపుతారు. ఈ అపనమ్మకం మెట్టు మెట్టుగా కిందికి దిగి చివరికి ఎవరి మీద ఆగుతుందంటే, ఏమీ అడగలేని ఆడపిల్ల మీద. ఆమె మాటని అందరికన్నా చివర నమ్ముతాం.

బడిలో నమ్మకం గురించి చాలామంది చదివే పరిశోధన ఒకటి అమెరికాలోని షికాగో ప్రాథమిక బడుల మీద జరిగింది. ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే ఇద్దరు 1990లలో చేసి 2002లో పుస్తకంగా వేశారు. పెద్దవాళ్ళ మధ్య, అంటే హెడ్మాస్టరు, టీచర్లు, తల్లిదండ్రుల మధ్య నమ్మకం గట్టిగా ఉన్న బళ్ళలో పిల్లల చదువు మెరుగుపడే అవకాశం రెండింట ఒకటిగా ఉంటే, నమ్మకం బలహీనంగా ఉన్న బళ్ళలో ఏడింట ఒకటిగా ఉంది. నమ్మకాన్ని వాళ్ళు నాలుగు పాళ్ళుగా చూశారు. ఎదుటి మనిషి మాటని గౌరవంగా వినడం, తన పని తనకి వచ్చి ఉండడం, డ్యూటీకి మించిన ఆపేక్ష, చెప్పిందే చెయ్యడం. ఈ నాలుగూ మన అమ్మమ్మలకి తెలియనివేం కాదు, మంచి మంత్రసానిని వాళ్ళు ఎంచుకున్న పద్ధతే ఇది. కాకపోతే మన దగ్గర ఆపేక్ష ఉంటే చాలు, మిగతా మూడూ అక్కర్లేదనుకుంటాం. “మేడంగారు చాలా మంచిదండీ” అంటాం. మంచిదే. పిల్ల బయటికెళ్ళినప్పుడు సంతకం ఎవరిది, వేళ ఎంత, తిరిగొచ్చిందా అని చూసుకోవడం రాకపోతే ఆ మంచితనం ఏం చేసుకోవాలి? నమ్మకంలో సగం పనితనమే.

ఆ పరిశోధన పెద్దవాళ్ళ మధ్య నమ్మకం గురించి. పిల్ల దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కుంది. పోక్సో చట్టం 26వ సెక్షన్‌లో ఒక మాట ఉంది, దాన్ని మనం తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం. పిల్ల వాంగ్మూలాన్ని తల్లిదండ్రుల సమక్షంలో గానీ, “పిల్లకి నమ్మకం ఉన్న మరే వ్యక్తి” సమక్షంలో గానీ రాసుకోవాలంటుంది. నమ్మకం అన్న మాట చట్టంలోనే ఉంది. 24వ సెక్షన్ ప్రకారం పోలీసులు పిల్ల ఇంటి దగ్గర గానీ, పిల్ల కోరిన చోట గానీ, సాధ్యమైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి చేత, యూనిఫాం లేకుండా వాంగ్మూలం తీసుకోవాలి. రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఇవన్నీ మనం శిక్షణల్లో చెప్తూనే ఉన్నాం. కానీ ఆ వేళ “నీకు ఎవరి మీద నమ్మకముందమ్మా, ఎవర్ని పిలవమంటావు” అని అడిగితే హాస్టల్లో ఉండే పిల్ల ఎవరి పేరు చెప్తుంది? అమ్మ కువైట్‌లో ఇంటి పని చేస్తోంది. మన తూర్పు, పశ్చిమ గోదావరి పల్లెల నుంచి గల్ఫ్‌కి వెళ్ళిన తల్లులు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. నాన్న పనుల మీద ఏ ఊళ్ళోనో ఉంటాడు. ఇంటి దగ్గర అమ్మమ్మకి చెవులు వినపడవు. క్లాసు టీచరు నిరుడే వచ్చింది. ఆ పిల్ల ఎవరి పేరూ చెప్పలేకపోతే అది పిల్ల లోపం కాదు. ఆమె చుట్టూ ఉన్న పెద్దవాళ్ళం ఇన్నాళ్ళూ ఏం చేసినట్టు?

పిల్లలు ఎందుకు చెప్పరు అని తరచూ అడుగుతారు. చెప్తే ఏమవుతుందో వాళ్ళకి బాగా తెలుసు గనక చెప్పరు. మొదట “నువ్వెందుకెళ్ళావు” అంటాం. తర్వాత టీసీ ఇప్పించి ఇంటికి తీసుకుపోతారు. ఆపైన సంబంధాలు చూస్తారు. ఇది ఊహ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. నూటికి 29 మంది. నోరు తెరిస్తే చదువు పోతుందని తెలిసిన పిల్ల నోరు మూసుకోవడం తెలివితక్కువ పని కాదు, తన చదువుని తను కాపాడుకోవడం. అలాంటి బేరానికి పిల్లని నెట్టింది మనమే.

చెప్పించుకునే వాళ్ళం కూడా ఒక విషయంలో నిజాయితీగా ఉండాలి. చాలామంది టీచర్లు, మన కార్యకర్తలు కూడా, “నాతో చెప్పమ్మా, ఎవరికీ చెప్పను” అంటారు. చట్టం ప్రకారం అలా అనే హక్కు మనకి లేదు. 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివాళ్ళూ పోలీసులకి తెలియజెయ్యాలి. దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసే మనిషి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు. మరి మాటిచ్చి పిల్ల చెప్పాక స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఆ పిల్ల ఇక జన్మలో ఎవరినైనా నమ్ముతుందా? ముందే చెప్పాలి. “నువ్వు చెప్పేది మరీ ప్రమాదమైన సంగతైతే నేను ఒకరిద్దరికి చెప్పాల్సొస్తుంది. కానీ నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను, నిన్ను ఒక్కదాన్నీ ఎక్కడికీ పంపను” అని. ఇలా అంటే కొందరు పిల్లలు ఆ పూట చెప్పరు. పదిహేను పదహారేళ్ళ వాళ్ళు ఇష్టపడ్డ కుర్రాడి మీద కేసవుతుందని అసలే చెప్పకపోవచ్చు, ఎందుకంటే చట్టం 18 ఏళ్ళ దాకా అందరినీ ఒకే గాటన కడుతుంది. ఆ ఇబ్బంది నిజమే, దాని మీద మనలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అయినా అబద్ధపు మాటిచ్చి రాబట్టిన రహస్యం కన్నా నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన మాటే మేలని నేననుకుంటాను. పిల్ల ఇప్పుడే ప్రమాదంలో ఉందని మనకి అనుమానం ఉంటే మాత్రం ఆగకూడదు. 1098కి ఫోన్ చెయ్యాలి.

నమ్మకం ఒకసారి పోయాక నిజం కూడా పనిచెయ్యదు. 2024 ఆగస్టు చివర కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో రహస్య కెమెరాలు పెట్టారన్న వార్త లేచింది. రాత్రంతా అమ్మాయిలు నిరసన చేశారు. పోలీసులు వెతికి, కెమెరాలేవీ దొరకలేదన్నారు. చాలామంది అమ్మాయిలు ఆ మాట నమ్మలేదు. పుకారు నమ్మారని వాళ్ళని వెక్కిరించిన పెద్దలున్నారు. నేను వెక్కిరించను. అంతకు ముందు ఎప్పుడైనా ఫిర్యాదు చేస్తే విన్నవాళ్ళుంటే, ఆ రాత్రి చెప్పిన మాటకి విలువుండేది.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. తుని సంఘటన తర్వాత చాలాచోట్ల మొదట జరిగింది గేట్లు బిగించడం. పిల్లల్ని బయటికి పంపొద్దు, ఫోన్లు ఇవ్వొద్దు, చూడ్డానికి వచ్చే రోజులు తగ్గించండి అనే గొంతులు లేచాయి. నేరం చేసింది ఒకడు, తాళం పడేది ఆడపిల్లలకి. ఇది పాత అలవాటే. ఫోన్ తగ్గిస్తే తల్లికి కబురు చేరే ఒక్క దారీ మూసినట్టు. గోడ ఎత్తు పెంచితే లోపలున్న వాడి సంగతేమిటని ఎవరూ అడగరు.

తాళం కన్నా రిజిస్టరు మేలు. నవ్వకండి, నేను రిజిస్టరు గురించే మాట్లాడటానికి వచ్చాను. అడ్మిషన్ రోజున పిల్లనీ తల్లినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఈ పిల్లని తీసుకెళ్ళగలిగిన వాళ్ళు ఎవరెవరో ముగ్గురి పేర్లు, ఫోటోలతో రాయించాలి. “తల్లి గానీ తండ్రి గానీ మాత్రమే” అనే నియమం పెడితే కువైట్‌లో ఉన్న తల్లి బిడ్డ పండగకి కూడా ఇంటికి వెళ్ళలేదు. అమ్మమ్మ పేరు రాయొచ్చు, పెద్దక్క పేరు రాయొచ్చు. ఎవరి పేరు వద్దో కూడా పిల్ల చెప్పగలగాలి, అదీ తండ్రి పక్కన లేనప్పుడు. రిజిస్టర్లో ఉన్న ఫోన్ నంబరు ఎవరిది? తండ్రిదా, పక్కింటి కుర్రాడిదా, సంతకాలు పెట్టించిన ఊరి పెద్దదా? ఒక్కసారి చూడండి. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బు పిల్లకి 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడింది, బడి నిర్వహణకి 2,000 పట్టుకున్నారు. డబ్బు విషయంలో తల్లి ఎవరో, ఆవిడ ఆధార్ ఏదో సర్కారుకి కచ్చితంగా తెలుసు. పిల్లకి జ్వరమొస్తే ఫోన్ చెయ్యడానికి మాత్రం ఆవిడ నంబరు బడిలో దొరకదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, కాగితం అంతా సరిగ్గా ఉన్నా, ఒక టీచరు గానీ ఆయా గానీ పిల్లని పక్కకి తీసుకెళ్ళి, వచ్చిన మనిషికి వినపడనంత దూరంలో, “ఈయనతో వెళ్ళడం నీకిష్టమేనా?” అని అడగాలి. ప్రతిసారీ అడగాలి, సొంత తండ్రి వచ్చినా అడగాలి. పిల్ల తలూపే తీరు, కళ్ళు దించుకునే తీరు పదేళ్ళు పిల్లల్ని చూసిన ఆయాకి తెలుస్తుంది. “వద్దు” అంటే ఆ పూటకి పంపకూడదు. “జ్వరంగా ఉంది, ఇవాళ పంపం” అని బడి తన మీద వేసుకోవాలి, పిల్ల మీద పెట్టకూడదు. దీనికి నిధులక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. అయితే ఆయాకి ఒక ధైర్యం కావాలి. పెద్దమనిషి గొంతు పెంచినప్పుడు ప్రిన్సిపల్ తన వెనక నిలబడుతుందన్న ధైర్యం. కాంట్రాక్టు మీద, ఎప్పుడు తీసేస్తారో తెలియని ఉద్యోగంలో ఉన్న ఆడమనిషిని మనం గేటుకి కాపలా పెట్టి, ఊరి పెద్దల్ని ఎదిరించమంటున్నాం. పగటి బళ్ళలో మధ్యాహ్న భోజనం వండే అక్కలకి నెల గౌరవ వేతనం 3,000గా పెట్టి ఏళ్ళయింది. పేరుకి డొక్కా సీతమ్మగారి పథకం. ఏ పిల్ల రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదో బడిలో మొదట తెలిసేది ఆ అక్కలకే. వాళ్ళని మీటింగ్‌కి ఎవరైనా పిలిచారా?

మీటింగ్ అన్నాను కాబట్టి ఇది కూడా. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులు గానీ సంరక్షకులు గానీ ఉండాలి, సభ్యుల్లో సగం స్త్రీలు ఉండాలి. కాగితం మీద ఉన్నారు. సంతకాల పుస్తకం ఇంటికి వస్తుంది, పొయ్యి దగ్గర నుంచి లేచి సంతకం పెడతారు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బళ్ళలో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు, 2025 జూలై 10న మళ్ళీ పెట్టారు. కూలి మానుకుని వచ్చిన తల్లులున్నారు, బడి మెట్లు మొదటిసారి ఎక్కిన తల్లులున్నారు. నేను దాన్ని తీసిపారెయ్యను. కానీ మొదటిసారి తల్లులకి ముగ్గుల పోటీలు, తండ్రులకి తాడు లాగే పోటీలు పెట్టారు. ముగ్గు వెయ్యడం మాకొచ్చునండీ, అడగడానికి వచ్చాం అని ఏ తల్లయినా అనుకునే ఉంటుంది. జాతరలో క్షేమసమాచారాలు అడుగుతాం గానీ కష్టం చెప్పుకోం. కష్టం చెప్పుకోవాలంటే పదిమందే ఉండాలి, నెలనెలా అదే పదిమంది ఉండాలి, కుర్చీలు ఒకే ఎత్తులో ఉండాలి.

ఇలాంటి చోటు ఏం చెయ్యగలదో మనకి తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా వ్యతిరేక ఉద్యమం రాజుకున్నది అక్షరాస్యత తరగతుల్లోంచే కదా. రాత్రిపూట దీపం చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు, రోజూ అవే మొహాలు చూసుకుంటూ, ఒకావిడ తన మొగుడి తాగుడు గురించి నోరు విప్పితే మిగతావాళ్ళు “మా ఇంట్లోనూ అంతే” అన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తరగతి పెట్టినవాళ్ళు ఉద్యమం కోసం పెట్టలేదు. పరీక్ష లేని, మార్కులు లేని, తిట్టేవాళ్ళు లేని చోట ఆడవాళ్ళు వరసగా కొన్ని నెలలు కూర్చున్నారు, అంతే. మన ఆడపిల్లలకి బడిలో అలాంటి గంట వారానికి ఒకటైనా ఉందా? బహిష్టు గురించి, ఒంటి మీద పడే చేతుల గురించి, ఇంటి మీద బెంగ గురించి మాట్లాడుకునే గంట? 2021 అక్టోబరులో బడుల్లో శానిటరీ నాప్కిన్లు పంచే పథకం మొదలుపెట్టారు. పాకెట్ చేతికిచ్చి పంపడం ఒకటి, పక్కన కూర్చుని మాట్లాడటం ఒకటి. మొదటిదానికి లెక్క రాస్తారు, రెండోదానికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు.

ఆ గంటకి మనం వెళ్ళగలం. టీచర్ల బదులు కాదు, టీచర్లతో పాటు. చాలామంది ప్రిన్సిపల్స్ మనల్ని చూస్తే ఫిర్యాదు చెయ్యడానికి వచ్చారనుకుంటారు. మనం చాలాసార్లు వెళ్ళిందీ అందుకే. ఏదో జరిగాక, ధర్నాకి. ఏమీ జరగని నెలల్లో ఆ గేటు దగ్గర మన మొహం కనపడి ఉంటే గానీ, జరిగిన రోజున లోపలి మనుషులు మనతో నిజం చెప్పరు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మండలాల వారీగా కూర్చుంటాం. మీ మండలంలో ఆడపిల్లలుండే హాస్టళ్ళు, గురుకులాలు, కస్తూర్బాలు ఎన్ని, వాటిల్లో మీకు పేరు పెట్టి పిలవగలిగినంత పరిచయం ఉన్న ఆయా గానీ, వంటామె గానీ, నర్సమ్మ గానీ ఎవరున్నారు - ముందు ఆ జాబితా రాయండి. ఎవరూ లేని చోట ఖాళీ వదిలెయ్యండి. ఆ ఖాళీలున్న చోట్లకి ఈ నెలలో ఎవరు వెళ్తారో సాయంత్రం లేచే లోపు పేర్లు రాసుకుందాం.